కచేరి ఎల్లిదె?
మొన్న మంత్రాలయంలో ఓ బెంగళూరు పెద్దాయన "కచేరి ఎల్లిదె?" అని కన్నడంలో అడిగితే, మా మేనల్లుడు తంబుర, మైకు పెట్టిన వేదిక వైపు చెయ్యి చూపించినాడు. ఆయనకు కావాల్సింది మఠం ఆఫీసు! ఇద్దరిదీ తప్పు కాదు. హిందుస్తానీ 'కచహరీ' అంటే న్యాయస్థానం, సర్కారు కార్యాలయం. దివాను, తహశీలు, జమాబందీ లాంటి మాటలతో పాటే ఇదీ దక్షిణాదికి దిగింది. కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర నిఘంటువు (1852)లో ఆ అర్థం ఉంది. కన్నడం దాన్ని అట్లే దాచుకుంది. తెలుగు, తమిళాల్లో పదిమంది కూడే కొలువు కాస్తా పాటల కొలువు అయింది. మా అవ్వకు మాత్రం చివరిదాకా కచ్చేరి అంటే తాలూకాఫీసే, చెప్పులరిగే చోటే. ఈ మధ్య హైదరాబాదు బారొకటి, ఎవరైనా ఎక్కి పాడే ఓపెన్ మైక్‌ను 'కచేరి' అని పోస్టరేసింది. పాడేవాళ్లు, పక్కవాద్యాలు ముందే ఖాయమయ్యేది గదా కచేరి అని గొణుక్కున్నా. కానీ పేరు రాయించుకుని వంతు కోసం కూర్చోవడం అచ్చం పాత కచ్చేరి పద్ధతే! నిజానికి తంబుర చేతులు మారే మన భజనే ఓపెన్ మైక్‌కు దగ్గర. ఆ పేరు పెడదామంటే, రాజకీయాలు భజనకు వేరే అర్థం అంటించి పెట్టినాయి.