చెన్నపురి ట్రాంబండ్లు

1895వ సంవత్సరము మే నెల 7వ తేదీన, ముందు గుఱ్ఱము గాని, పొగ గ్రక్కెడి యంత్రము గాని లేకుండగనే, ఇనుప పట్టాలపై ఒక బండి చెన్నపురి వీధిలో కదలిపోయెను. హిందూదేశమున విద్యుచ్ఛక్తిచే నడచిన ట్రాంబండ్లలో మొదటిది అదియే. సామ్రాజ్యమునకు రాజధానియై వెలయుచుండిన కలకత్తా ఈ సౌకర్యమునకై 1902 వఱకును, బొంబాయి 1907 వఱకును వేచియుండవలసి వచ్చెను. లండను వీధులలో సయితము నాడు గుఱ్ఱములు లాగెడి ట్రాంబండ్లే తిరుగుచుండెను. విద్యుత్తుతో నిత్యము నడచెడి ట్రాం అచ్చటికి 1901లో గాని రాలేదు. ఇండ్లలో ఆముదపు దీపములును కిరసనాయిలు బుడ్లును వెలుగుచుండిన ఆ దినములలో చెన్నపురి సామాన్యుడు విద్యుద్దీపమును తన యింట చూచుటకు ముందే విద్యుద్వాహనమును ఎక్కగలిగెను. ఈ విషయమును ఆలోచించిన కొలదిని నాకు విస్మయము కలుగుచుండును. నూతన శక్తి యేదైనను మొదట ధనికుని మేడలో వెలసి, పిదప ఎన్నడో పేదవాని గడప చేరుట లోకరీతి. చెన్నపురిలో విద్యుత్తు పదిమంది సరసన కూర్చుండి పోవుటకు పనికివచ్చెడి బల్లగా వీధిలో అడుగుపెట్టినది.

అంతకు పూర్వము ఈ దేశమున ట్రాం అనగా ప్రధానముగా గుఱ్ఱపు ట్రామే. 1873 ఫిబ్రవరి 24వ తేదీన కలకత్తాలో సియాల్దా మొదలుకొని ఆర్మీనియన్ ఘాటు వఱకు అట్టిది నడచి, తగినంత ఆదాయము లేక ఆ నవంబరులోనే ఆగిపోయినది. మరుసటి సంవత్సరము బొంబాయిలో కొలాబా నుండి పైధుని వఱకు మొదలైన గుఱ్ఱపు ట్రాం మాత్రము దీర్ఘకాలము నిలిచెను. మన యెండలలో ఆ బరువును లాగుట ఆ మూగజీవములకు ఎంతటి కష్టమో వర్ణింప నక్కరలేదు.

చెన్నపురి ట్రాం యొక్క తొలి నిర్మాణమున ఒక విశేషము కలదు. ఇప్పటివారు ట్రాం అనగానే వీధికి పైన వ్రేలాడెడి తీగెను తలచుకొందురు. మొదట మన నగరమున అట్టి తీగెయే లేదు. రెండు పట్టాల నడుమ నేలలో సన్నని చీలిక యొకటి విడిచి, దాని క్రింద కాలువవలె తవ్విన గుంటలో విద్యుత్ప్రవాహమును మోయు లోహమును అమర్చిరి. బండి అడుగున నుండి ఒక పలక ఆ చీలికగుండ క్రిందికి దిగి, ఆ లోహమును తాకుచు, శక్తిని గ్రహించి బండిని నడపుచుండెను. వీధికి పైన స్తంభములు గాని తీగెలు గాని లేకపోవుటచే ఈ పద్ధతి చూపునకు సొంపుగానే యుండెను. కాని దీనిని యోచించిన సీమ యింజనీర్లు ఆశ్వయుజ కార్తీకములలో చెన్నపట్టణమున కురియు వాన యెట్టిదో ఎఱుగరు. సముద్రమునకు రవంత ఎత్తున, అఱచేతి వలె చదునుగా పఱచుకొనియున్న ఆ నగరమున, తూర్పుగాలితో వచ్చు తుపానువాన ఒక్క రాత్రి పట్టి కురిసినచో నీరు పోవుటకు దారి కానరాక వీధులన్నియు నిండిపోవును. ఆ నీరే చీలికగుండ లోనికి చొచ్చి గుంటను ముంచివేయుచుండెను. వెంట వచ్చిన బురదయు ఇసుకయు చెత్తయు అందులో మేట వేయుచుండెను. నీట మునిగిన లోహమునుండి విద్యుత్తు దారి తప్పుట సహజము. ఎన్ని మారులు శుభ్రము చేసినను మరుసటి కార్తీకమునకు కథ మొదటికే వచ్చుచుండుటచే, కొన్ని వానకాలములు గడచుసరికి కంపెనీవారు నేలలోని యేర్పాటును విడనాడి స్తంభములు పాతి తీగె కట్టిరి. ఒక దేశపు వాతావరణమునకు తగినట్లు రూపొందిన యంత్రమును వేఱొక దేశమున నెలకొల్పునపుడు అచ్చటి వానను, నేలను, గాలిని అడిగి తెలిసికొనవలెనను పాఠము ఆనాడు చాల ద్రవ్యవ్యయముతో నేర్చుకొనబడినది. ఆ వ్యయమును తొలి కంపెనీ తాళలేకపోయెను. చేతులు మారిన పిమ్మట 1904లో మద్రాసు ఎలెక్ట్రిక్ ట్రామ్‌వేస్ అను పేర క్రొత్త కంపెనీ యేర్పడి, తుదివఱకును ఆ పేరుననే వ్యవహరించెను.

అటుపై వృద్ధి చకచక జరిగెను. 1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాలపై 97 బండ్లు తిరుగుచుండెను. ఈ దూరము నేటి నగరపు పరిమాణముతో పోల్చిన అత్యల్పము. నాటి చెన్నపురికి అది చాలినంత గొప్పది. అసలు ఆ నగరము ఒక్క ఊరుగా పుట్టినది కాదు. కోటయు, దాని చెంత వర్తకుల పట్నమును, దూరదూరముగా మైలాపూరు, తిరువళ్ళిక్కేణి, ఎగ్మూరు, పురసవాక వంటి పల్లెలును వేర్వేరుగా నుండి, నడుమ తోటలును చెఱువులును వరిపొలములును కలిగి, కాలక్రమమున ఒక్క పేరు క్రిందికి వచ్చినవి. ఒక పేటవాడు మఱియొక పేటకు పోవలెనన్న జట్కాకు బేరమాడవలెను, లేదా ఎండలో కాలినడకనే సాగవలెను. రాయపురము, మింటువీధి, ప్యారిస్ కార్నరు, సెంట్రల్ స్టేషను, పూనమల్లి హైరోడ్డు, మౌంటురోడ్డు, రాయపేట, మైలాపూరు అను వీనినన్నిటిని ఒక్క సూత్రమున గూర్చి, గుమాస్తాను, విద్యార్థిని, వకీలును, ప్రెస్సులో అక్షరములు కూర్చువానిని ఒకే బల్లపై కూర్చుండబెట్టినది ట్రాంబండి. చెన్నపురిలోని పేటలకు తాము ఒక్క నగరమను భావము కలుగుటకు మునిసిపాలిటీ చట్టములకన్న ఈ పట్టాలే ఎక్కువ తోడ్పడెనని నా విశ్వాసము.

తెలుగువారికి ట్రామనగా చెన్నపురి ట్రామే. సర్కారు జిల్లాలనుండియు దత్తమండలమునుండియు వ్యాజ్యములకు, చదువులకు, పుస్తకముల అచ్చుకు, ఉద్యోగములకు చెన్నపురికి పోయినవారు పట్టణవైభవమును గూర్చి ఇంటికి తిరిగి వచ్చి చెప్పిన ముచ్చటలలో హైకోర్టు దీపస్తంభముతోడను, మూరుమార్కెటుతోడను, సముద్రపు ఒడ్డుతోడను ట్రాంబండికి సమానస్థానము ఉండెడిది. బెజవాడ మీదుగా వచ్చిన రైలు సెంట్రల్ స్టేషనులో దిగి, చంకన మూటతో బయటికి వచ్చిన పల్లెటూరివానికి మొట్టమొదట చెవిని బడునది ఆ గంట. బండి ముందు అరుగుపై నిలువుకాళ్ళపై నిలిచిన డ్రైవరు ఎడమచేత ఇత్తడి పిడిని త్రిప్పుచు, కుడిచేత బ్రేకును పట్టుకొని, పట్టాలకు అడ్డము వచ్చిన ఎద్దుబండివానిని హెచ్చరించుటకు పాదముతో మీటను తొక్కగా ఆ గంట ఖంగున మ్రోగెడిది. లైను చివర బండిని త్రిప్పుటయే లేదు; కండక్టరు దిగి, కప్పుమీది పొడుగైన దండమును దాని త్రాటితో లాగి పట్టుకొని, బండి చుట్టు నడచివచ్చి, రెండవ వైపున తీగెకు దాని కొనను ఆనించును. రాత్రివేళ ఆ కొన తీగెను తప్పి మరల తాకినప్పుడు నీలికాంతి చివ్వున చిమ్ముటయు, లోని దీపములు ఒక్క క్షణమారి మరల వెలుగుటయు పిల్లలకు పండుగ.

ఈ పట్టాల వెంబడి మన సాహిత్యచరిత్రలో కొంత భాగము నడచినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1908లో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా చెన్నపురికి వచ్చి తంబుచెట్టి వీధిలో నెలకొన్నది; వారి నివాసమైన శ్రీబాగు మైలాపూరున నుండెను. జార్జిటౌనులోని కార్యాలయమునకును మైలాపూరులోని శ్రీబాగునకును నడుమగల దారియే ట్రాం దారి. పత్రికలో పనిచేయువారును, పంతులుగారి దర్శనార్థము వచ్చు కవిపండితులును, వావిళ్ళవారి గ్రంథములను కొనదలచినవారును ఈ బండ్లను ఆశ్రయించి తిరిగినవారే. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమల నాయకులు శ్రీబాగున సమావేశమై ఒడంబడిక వ్రాసికొన్ననాడును రాయపేట మీదుగా ట్రాం గంట మ్రోగుచునే యుండెను.

కార్మికోద్యమ చరిత్రయందును ట్రాంకు స్థానము కలదు. 1918 ఏప్రిలులో చెన్నపురి మిల్లు పనివాండ్రు మద్రాసు లేబరు యూనియనును స్థాపించిరి, బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. దాని వెన్నంటి ట్రాం పనివాండ్రును సంఘమై సమ్మెలకు దిగిరి. మిల్లు ఆగిన ఆ సంగతి మిల్లువారికే తెలియును; ట్రాం ఆగిన నగరమంతయు ఆ ఉదయమే ఎఱుగును. కూలివాని కష్టమును గూర్చి అన్నాళ్ళును తలంపని ఉద్యోగి కార్యాలయమునకు కాలినడకను పోవుచు తలంపవలసి వచ్చెను.

ఇక క్షీణతను గూర్చి చెప్పవలెను. బస్సు వచ్చినది, ట్రాం పోయినది అని ఒక్క మాటలో తేల్చుట సులభమే గాని, జరిగినది అంత సులభము కాదు. మోటారు బస్సు యొక్క భవిష్యత్తును ట్రాం కంపెనీ గుర్తింపకపోలేదు. తానే 1925లో బస్సులు నడపి, 1928లో మానుకొన్నది. సరిగా ఆ సంవత్సరములలోనే నగరము నైరృతి దిక్కునకు పెరుగసాగెను. మాంబళమున పెద్ద చెఱువును పూడ్చి, వీధులు తీర్చి, కార్పొరేషను అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయచెట్టిగారి పేర త్యాగరాయనగరమును నిర్మించిరి. ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజాగారి పేర అందు ఉద్యానము వెలసెను. ఇరువురును తెలుగువారే. ఆ క్రొత్త నగరమునకు ట్రాం పోలేదు. పట్టా వేయుటకు పెట్టుబడి కావలెను. పెట్టుబడి పెట్టవలసిన వాటాదారులు సముద్రమునకు ఆవల నున్నారు. వారికి కావలసినది లాభమే గాని మాంబళపు గృహస్థుని ప్రయాణము కాదు. 1931లో బీచి నుండి తాంబరమునకు విద్యుత్ రైళ్ళు ప్రారంభమై ఆ దిక్కు ప్రయాణికులను తమవైపు త్రిప్పుకొన్నవి. నగరము పెరిగినది, పట్టాలు పెరుగలేదు. ట్రాం పతనమునకు మూలము ఇందున్నదని నేను తలతును.

రెండవ ప్రపంచయుద్ధము ట్రాంకు ఒక విధముగా గిరాకిని తెచ్చెను. పెట్రోలు కఱవై, బస్సులు బొగ్గు వాయువుతో దగ్గుచు నడచిన ఆ రోజులలో ట్రాంబండ్లు క్రిక్కిఱిసి పోయినవి. కాని సీమనుండి క్రొత్త చక్రములును మోటార్లును వచ్చుట దుర్లభమయ్యెను. ఎడతెగని బరువుతో బండ్లును పట్టాలును అరిగిపోయెను. యుద్ధము ముగిసిన వెనుక 1947-48లో ప్రభుత్వమే నగరపు బస్సులను తన చేతిలోనికి తీసికొన నారంభించెను. ఒక ప్రక్క ప్రభుత్వము వెనుకనున్న క్రొత్త బస్సు, మఱియొక ప్రక్క దిక్కులేని ముదుసలి ట్రాం. 1950 ప్రాంతమునకు కంపెనీ దివాలా తీసినది.

ప్రజల చేతిలో నుండినచో ట్రాం బ్రదికెడిదా? ఈ ప్రశ్నకు నిశ్చయముగా ఔనని చెప్పలేము. బొంబాయిలో 1947లోనే మునిసిపల్ కార్పొరేషను ట్రాంను తన అధీనము చేసికొన్నది. అయినను అచ్చట 1964 మార్చి 31వ తేదీ రాత్రితో తుది ట్రాం ఆగిపోయినది. ఢిల్లీలోను ఆ ప్రాంతముననే ఆగినది; కాన్పూరులో 1933లోనే. కలకత్తాలో మాత్రము 1967లో ప్రభుత్వము నిర్వహణమును చేపట్టగా, మఱి యర్ధశతాబ్దమునకు పైగా బండ్లు నడచెను. 1953 జూలైలో అచ్చట రెండవ తరగతి చార్జీని ఒక్క పైసా పెంచినందుకు నగరమంతయు భగ్గుమన్నది. ట్రాం తమదను భావము ఆ జనులలో అంత లోతుగా నాటుకొన్నది. అదే సంవత్సరమున, మూడు నెలలకు ముందు, చెన్నపురి తన ట్రాంను మౌనముగా విడిచిపెట్టెను.

ఆ సంవత్సరము తెలుగువారికి మఱపురానిది. 1952 అక్టోబరు 19వ తేదీన పొట్టి శ్రీరాములుగారు రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష పూనిరి. యాబదియెనిమిది దినములు ఆ రహదారియందు నగరము తన పనులపై తాను తిరుగుచుండగా, లోపల ఒక జీవుడు క్షీణించుచుండెను. డిసెంబరు 15వ తేదీ రాత్రి వారు అసువులు బాసిరి. 19వ తేదీన ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును నెహ్రూ ప్రకటించిరి. చెన్నపట్టణము అందు చేరదనియు తేలిపోయెను. మద్రాసు మనదేయను నినాదము గొంతులలో ఆరిపోవుచుండిన ఆ వసంతమున, 1953 ఏప్రిలు 12వ తేదీన ట్రాం నిలిచిపోయినది. రాజాజీ అప్పుడు ముఖ్యమంత్రి. కండక్టర్లును డ్రైవర్లును షెడ్డు పనివాండ్రును, ఒకే వృత్తిని నేర్చి అందే తలలు నెరసినవారు, ఒక్కమారుగా జీవనాధారమును కోల్పోయిరి. రాష్ట్రవిభజన కోలాహలములో మన వారి దృష్టి ఆ వార్తపై అంతగా నిలిచియుండదు. నిలుపుమని కోరుటయు న్యాయము కాదు.

అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించెను. ఉద్యోగులు సామాను కట్టుకొని సెంట్రల్ స్టేషనుకు పోయినప్పుడు జట్కాలలోను బస్సులలోను పోయిరి. పత్రికలవారును, ప్రకాశకులును, సినిమావారును మాత్రము మఱి కొన్ని దశాబ్దములు చెన్నపురిలోనే నిలిచిరి. వారిలో పెక్కురు కాపురము పెట్టినది త్యాగరాయనగరమున. జార్జిటౌను అచ్చుకూటములకు పోవుటకు పానగల్లు పార్కు చెంత బస్సు కొఱకు వరుసలో నిలువబడెడివారు.