గురికాడి ముఖం: స్నైపర్ నవలలు, పాఠకుల ఊహ, తెరమీది నటుడు

ఉపోద్ఘాతం

పాఠకాదరణ పొందిన నవల సినిమాగా రానున్నదని తెలియగానే ఆ నవల అభిమానులలో మొదట పుట్టే చర్చ నాయకపాత్రను ఎవరు ధరించాలన్నదే. ఒకరు ఒక నటుని పేరు చెబుతారు. ఆ పాత్రకు అతని వయసు చాలదని మరొకరు ఆక్షేపిస్తారు. ఆ ప్రాంతపు మాటతీరు అతనికి పట్టుబడదని ఇంకొకరు అంటారు. సాహిత్య విమర్శ ఈ చర్చను చాలాకాలంగా కాలక్షేపంగానే చూసింది. అయితే ఫలానా నటుడు ఫలానా పాత్రకు తగడని చెప్పే పాఠకుడు ఆ పాత్రలో దేనిని మార్చరాదో కూడా చెబుతున్నాడు. వయసు ముఖ్యమా, పుట్టిన ఊరు ముఖ్యమా, అనుభవించిన యుద్ధం ముఖ్యమా అన్న నిర్ణయం అతని మాటలో అంతర్లీనంగా ఉంటుంది. ఆ మేరకు అది పాత్రచిత్రణపై ఇచ్చిన తీర్పు.

పాత్రకు నటుని ఎంపిక చేయటం భారతీయ అలంకారికులకు కొత్త విషయం కాదు. భరతుని నాట్యశాస్త్రంలో భూమికావికల్పానికి ఒక అధ్యాయమే ఉంది. నటుని వయసు, రూపం పాత్రకు సరిపోయినప్పుడు అనురూపమని, బాలుడు వృద్ధ పాత్రను ధరించటం వంటి సందర్భాలలో విరూపమని అక్కడ విభాగం కనిపిస్తుంది. అయితే నాటకకర్త పాత్రను సృష్టించేటప్పుడే రంగస్థలం అతని మనసులో ఉంటుంది. నవలాకారునికి ఆ నిర్బంధం లేదు. అతడు ముఖాన్ని వర్ణించకుండా వదిలేయవచ్చు. ఆ ఖాళీని పాఠకుడు తన ఊహతో నింపుకుంటాడు. సినిమా వచ్చినప్పుడు ఆ ఊహకు, నటుని ముఖానికి మధ్య పోటీ ఏర్పడుతుంది.

ఈ పోటీ తీవ్రంగా కనిపించే ప్రక్రియ స్నైపర్ నవల. దూరం నుంచి, దాగి ఉండి, ఒక్క తూటాతో లక్ష్యాన్ని ఛేదించే గురికాడు ఇందులో ప్రధాన పాత్ర. ఇతరుల కంట పడకపోవటమే అతని వృత్తిధర్మం. అందరి కంట పడటం సినిమా తార వృత్తిధర్మం. ఈ వైరుధ్యాన్ని మూడు ఆంగ్ల నవలల తెరరూపాలు ఎలా ఎదుర్కొన్నాయో పరిశీలించి, తెలుగు నవలా పరిశోధనకు ఆ చరిత్ర చూపే దారిని సూచించటం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులేని గురికాడు

బ్రిటిష్ రచయిత జెఫ్రీ హౌస్‌హోల్డ్ ‘రోగ్ మేల్’ నవల 1939లో వెలువడింది. వేటలో ఆరితేరిన ఒక ఆంగ్లేయుడు ఐరోపాలోని ఒక నియంత నివాసానికి చేరువగా వెళ్ళి రైఫిల్ గురిపెడతాడు. పట్టుబడి, చిత్రహింసలకు గురై, తప్పించుకొని స్వదేశం చేరుతాడు. అక్కడ కూడా శత్రువులు వెంటాడటంతో డోర్సెట్ పల్లెసీమలో నేల తొలిచి దాక్కుంటాడు. కథ అంతా అతని మాటలలోనే సాగుతుంది. అయినా అతని పేరు పాఠకునికి తెలియదు. నియంత పేరు, అతని దేశం పేరు కూడా నవలలో లేవు. తన ఉద్దేశం కేవలం వేటగాని కుతూహలమేనని మొదట చెప్పుకున్న కథకుడు, తన ప్రేయసి మరణానికి ప్రతీకారమే అసలు కారణమని క్రమంగా గుర్తిస్తాడు. పేరు దాచిన మనిషి తన మనసును కూడా తననుంచి దాచుకున్నాడన్నది ఈ శిల్పంలోని అంతరార్థం.

ఈ నవల ఆధారంగా ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వంలో 1941లో ‘మాన్ హంట్’ విడుదలైంది. వాల్టర్ పిడ్జన్ నాయకుడు. తెరమీద అతనికి థార్న్‌డైక్ అనే పేరు వచ్చింది. నియంత హిట్లర్‌గా స్పష్టమయ్యాడు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగని రోజులలో వచ్చిన ఆ సినిమాకు శత్రువును పేరు పెట్టి చూపటం రాజకీయ అవసరం. 1976లో బి.బి.సి. నిర్మించిన రూపంలో పీటర్ ఓటూల్ నటించాడు. అందులో కూడా నాయకునికి ఒక పేరు పెట్టవలసి వచ్చింది. పేరులేనితనాన్ని నవల మోసినంత సులభంగా తెర మోయలేదని ఈ రెండు రూపాలు తెలుపుతున్నాయి.

మారువేషాల గురికాడు

ఫ్రెడరిక్ ఫోర్సైత్ ‘ద డే ఆఫ్ ద జాకాల్’ 1971లో ప్రచురితమైంది. పారిస్‌లో రాయిటర్స్ విలేఖరిగా పనిచేసిన అనుభవం రచయితకు ఉంది. ఫ్రెంచి అధ్యక్షుడు చార్లెస్ డిగాల్‌పై 1962 ఆగస్టు 22న పెటీ క్లామార్ వద్ద జరిగిన హత్యాయత్నం చారిత్రక సత్యం. ఆ విఫలయత్నం నుంచి నవలాకారుడు కల్పనలోకి అడుగుపెడతాడు. విదేశీ హంతకుడు ఒకడు అద్దెకు కుదురుతాడు. అతనికి జాకాల్ అనే సంకేతనామం మాత్రమే ఉంటుంది.

ఇక్కడ ముఖం లోపించలేదు. పొడగరి, లేత రంగు జుట్టు, బూడిదరంగు కళ్ళు కలిగిన ఆంగ్లేయుడని వర్ణన ఉంది. లోపించింది గుర్తింపు. చనిపోయిన శిశువు పేరుతో ఒక పాస్‌పోర్టు, డెన్మార్క్ మతగురువు వేషం, అమెరికన్ విద్యార్థి వేషం, చివరకు ఒంటికాలి వృద్ధ సైనికుని వేషం వరుసగా వస్తాయి. తుపాకి ఆ వృద్ధుని ఊతకర్ర గొట్టాలలో దాగి ఉంటుంది. అతని అసలు పేరు ఇదేనని పోలీసులు నమ్మినది కూడా కథాంతంలో తప్పుగా తేలుతుంది.

1970లోనే డిగాల్ సహజమరణం పొందాడు కనుక హత్యాయత్నం విఫలమవుతుందని పాఠకునికి ముందే తెలుసు. ఉత్కంఠ ఫలితంలో లేదు, పద్ధతిలో ఉంది. దర్శకుడు ఫ్రెడ్ జినెమన్ ఈ మర్మాన్ని గ్రహించాడు. ప్రేక్షకులకు బాగా పరిచితుడైన తారను కాదని 1973 సినిమాకు ఎడ్వర్డ్ ఫాక్స్‌ను ఎంచుకున్నాడు. జనసమూహంలో కలిసిపోవలసిన మనిషిని ప్రేక్షకుడు చూడగానే గుర్తుపడితే కథ నిలవదు. అనామకత్వానికి తగిన నటుడు దొరకటం ఇక్కడ అనురూపత.

1997లో ‘ద జాకాల్’ పేరుతో వచ్చిన అమెరికన్ చిత్రంలో ఈ సూత్రం తలకిందులైంది. ప్రపంచమంతా ఎరిగిన బ్రూస్ విల్లిస్ ఆ పాత్రను ధరించాడు. వేషాలు ఎన్ని మారినా ప్రేక్షకునికి కనిపించింది తారే. ఫోర్సైత్ ఆ చిత్రంలో తన పేరు ఉండటానికి అంగీకరించలేదు. రెండు చిత్రాల మధ్య సాంకేతికతలో వచ్చిన మార్పు కంటే నటుని పరిచితత్వం తెచ్చిన మార్పు పెద్దది.

ఊరూ వయసూ ఉన్న గురికాడు

స్టీఫెన్ హంటర్ 1993లో రాసిన ‘పాయింట్ ఆఫ్ ఇంపాక్ట్’ మొదటి రెండు నవలలకు భిన్నం. ఇందులో గురికాడు బాబ్ లీ స్వాగర్‌కు పేరు, ఊరు, గతం అన్నీ ఉన్నాయి. అతడు అర్కాన్సా కొండప్రాంతంవాడు. వియత్నాం యుద్ధంలో మెరైన్ దళపు స్నైపర్. సహచరుని కోల్పోయి, తానూ గాయపడి తిరిగివచ్చి, నడివయసులో తుపాకులతోను కుక్కతోను ఒంటరిగా జీవిస్తుంటాడు. అర్కాన్సాలోనే పుట్టి వియత్నాంలో 93 మందిని గురితప్పక కూల్చినట్లు సైనిక నమోదు గల కార్లోస్ హాత్‌కాక్ జీవితచ్ఛాయలు ఈ పాత్రలో ఉన్నాయి.

ఈ నవల తెరకెక్కటానికి 14 ఏళ్ళు పట్టింది. 2007లో ఆంటోయిన్ ఫుక్వా దర్శకత్వంలో ‘షూటర్’ పేరుతో విడుదలైంది. బోస్టన్‌లో పుట్టి, అప్పటికి 35 ఏళ్ళు దాటిన మార్క్ వాల్‌బర్గ్ స్వాగర్‌గా నటించాడు. వియత్నాంలో పోరాడినవాడు 2007 నాటికి సుమారు అరవై ఏళ్ళవాడు కావాలి. అందువల్ల సినిమా యుద్ధాన్నే మార్చి, నాయకుని తొలి సన్నివేశాలను ఆఫ్రికాకు తరలించింది. 2016లో మొదలైన టెలివిజన్ రూపంలో ర్యాన్ ఫిలిప్ నటించగా ఆ యుద్ధం అఫ్గానిస్తాన్‌కు మారింది.

ఈ పాత్రకు నటుని గురించిన చర్చలో వయసు, మాటయాస, శరీరంపై యుద్ధం మిగిల్చిన ముద్ర ఎందుకు ప్రధానమవుతాయో దీనినిబట్టి బోధపడుతుంది. నటుని వయసు తగ్గితే యుద్ధం మారుతుంది. యుద్ధం మారితే ఓటమి నుంచి తిరిగివచ్చి, సమాజానికి అక్కరలేనివాడై మిగిలిన ఒక తరపు వేదన మారుతుంది. యువనటుడు చక్కగా నటించవచ్చు, గురి కూడా చక్కగా పెట్టవచ్చు. కాని నవలలోని స్వాగర్ మౌనానికి ఇరవై ఏళ్ళ బరువు ఉంది. నటుడు పొడుగా పొట్టా అని వాదిస్తున్నట్లు కనిపించే పాఠకుడు నిజానికి ఆ బరువును లెక్కిస్తున్నాడు. హంటర్ స్వయంగా సినిమా విమర్శకుడు కావటం, ఆ విమర్శకు 2003లో పులిట్జర్ బహుమతి పొందటం ఇక్కడ గమనార్హం. తెర అవసరాలు తెలిసిన రచయిత పాత్ర కూడా తెరమీదికి వచ్చేసరికి తన కాలాన్ని వదులుకోక తప్పలేదు.

తెలుగు నవల: తార ముందు, పాత్ర తరువాత

దక్షిణ భారత సినిమా ఈ సమస్యకు మరో పరిష్కారం చూపింది. ‘జాకాల్’ ప్రేరణతో మలయాళంలో 1988లో వచ్చిన ‘ఆగస్ట్ 1’లో అగ్రతార మమ్ముట్టి హంతకుని పాత్రను ధరించలేదు. అతనిని వెంటాడే పోలీసు అధికారిగా నటించాడు. హంతకుడు కెప్టెన్ రాజు. తారను వెలుగులోను, గురికాడిని నీడలోను నిలపటం వల్ల రెండు ధర్మాలకూ భంగం కలగలేదు.

తెలుగులో నవలకు, తారకు మధ్య సంబంధం మరింత గాఢమైనది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గాను, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1976లో అదే పేరుతోను సినిమాలైనప్పుడు రెండింటిలోను అక్కినేని నాగేశ్వరరావు నాయకుడు. వేర్వేరు రచయిత్రుల ఊహలలో పుట్టిన ఇద్దరు నాయకులు తెరమీద ఒకే ముఖాన్ని పంచుకున్నారు. యండమూరి వీరేంద్రనాథ్ థ్రిల్లర్ల విషయంలో ఈ ప్రక్రియ వేగం పుంజుకుంది. ‘అభిలాష’ (1983), ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ ఆధారంగా ‘ఛాలెంజ్’ (1984), ‘రాక్షసుడు’ (1986), ‘మరణ మృదంగం’ (1988) వరుసగా కె.ఎస్. రామారావు నిర్మాణంలో, ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో, చిరంజీవి నాయకుడుగా వచ్చాయి. మరణశిక్ష రద్దుకై తన మెడనే పణంగా పెట్టే న్యాయవాది, పందెం కాసి డబ్బు సంపాదించే యువకుడు వేర్వేరు మనస్తత్వాలవారు. అయినా ఒక సినిమా చూసినవారు తరువాతి నవలను చదివేటప్పుడు నాయకుని స్థానంలో పరిచిత ముఖం ముందుగానే వచ్చి నిలబడే అవకాశం ఏర్పడింది. ఆంగ్ల పాఠకుడు ఖాళీగా ఉన్న ముఖానికి నటుని వెతికితే, తెలుగు పాఠకునికి నటుని ముఖమే పాత్రలోకి ప్రవేశమార్గమైంది.

దీనిని పాఠకుని ఊహాశక్తి లోపంగా భావించనక్కరలేదు. వారపత్రికలో సీరియల్ చదివి, వాడవాడలా చర్చించి, తరువాత దానినే థియేటరులో చూసిన సమాజంలో నవల, సినిమా వేర్వేరు గదులుగా లేవు. అయితే ఒక నష్టం మాత్రం ఉంది. తార ముఖం ముందే స్థిరపడినప్పుడు పాత్రకు వృద్ధాప్యం, వైకల్యం, ఓటమి, అనామకత్వం వంటి లక్షణాలు ఇవ్వటం కష్టమవుతుంది. స్నైపర్ నవలకు ప్రాణమైన లక్షణాలు ఇవే.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ‘రోగ్ మేల్’ గురికాడికి తెర పేరు పెట్టింది. ‘జాకాల్’ గురికాడిని ఒకసారి అపరిచిత ముఖం కాపాడింది, మరొకసారి పరిచిత ముఖం కప్పివేసింది. స్వాగర్ విషయంలో నటుని వయసు పాత్ర చరిత్రనే మార్చింది. మూడింటిలోను నటుని ఎంపిక నవలకు ఒక వ్యాఖ్యానంగా పనిచేసింది. ఆ ఎంపికతో వాదించే పాఠకులు కూడా వ్యాఖ్యాతలే.

తెలుగు నవలపై వచ్చిన పరిశోధనలలో ఇతివృత్తానికి, పాత్రచిత్రణకు, శైలికి లభించిన స్థానం పాఠకుల స్పందనకు లభించలేదు. వారపత్రికల పాత సంచికలలో సీరియళ్ళపై అచ్చయిన లేఖలు, సినిమా పత్రికలలోని ప్రశ్నోత్తరాలు ఈ అధ్యయనానికి మూలసామగ్రి కాగలవు. చవక కాగితంపై అచ్చయిన ఆ సంచికలు గ్రంథాలయాలలో ఏటేటా శిథిలమవుతున్నాయి. రచయితల రాతప్రతులను భద్రపరచినట్లే ఆ పుటలను కూడా భద్రపరచాలి. ఒక తరం తన నాయకులను ఏ ముఖాలతో ఊహించుకున్నదో చెప్పగల సాక్ష్యం అక్కడే మిగిలి ఉంది.