నోట్‌బుక్ ఒక చోట, పైథాన్ ఇంకో చోట: ఈ తికమక ఎక్కడ మొదలైంది?

తాడేపల్లిగూడెం నిట్‌లో చదివినా, ఏలూరు కాలేజీలో చదివినా, ప్రాజెక్టు డెమో రోజు వినిపించే మాట ఒకటే: "నా ల్యాప్‌టాప్‌లో పనిచేసిందిరా!"

ఇది మన ఒక్కళ్ళ బాధ కాదు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో గిట్‌హబ్‌లోని లక్షల నోట్‌బుక్‌లను మళ్ళీ రన్ చేసి చూశారు. ఎర్రర్ లేకుండా నడిచినవి సుమారు 24 శాతం. మొదట వచ్చిన ఫలితమే మళ్ళీ ఇచ్చినవి సుమారు 4 శాతం! లైబ్రరీ దొరక్కపోవడం ఇందులో ఒక పెద్ద కారణం.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. పైథాన్‌లో లైబ్రరీలన్నీ ఒకే ఫోల్డర్‌లో పడేవి. ఒక ప్రాజెక్టుకి పాత వెర్షన్, ఇంకోదానికి కొత్తది కావాలంటే గొడవే. 2007లో ఇయాన్ బికింగ్ వర్చువల్‌ఎన్వ్ తెచ్చాడు. మన కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు చూశారుగా? చెరువుకీ చెరువుకీ మధ్య గట్టు. ఇదీ అంతే, ప్రాజెక్టుకో చెరువు. 2012లో పైథాన్ 3.3తో పాటే వెన్వ్ వచ్చేసింది.

నోట్‌బుక్‌ది వేరే దారి. ఫెర్నాండో పెరెజ్ 2001లో ఐపైథాన్ మొదలుపెట్టాడు. 2011లో దానికి బ్రౌజర్ నోట్‌బుక్ వచ్చింది. 2014లో జూలియా, పైథాన్, ఆర్ పేర్లు కలిసొచ్చేలా జూపిటర్ అయింది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మీకు కనిపించే పేజీ కోడ్ నడపదు. నడిపేది వెనకాల ఉండే కెర్నల్. ఏ పైథాన్‌ని లేపాలో కెర్నల్‌కి సంబంధించిన ఓ చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. మీరు టెర్మినల్‌లో ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసినా, ఆ ఫైలు పాత పైథాన్‌నే చూపిస్తుంటే నోట్‌బుక్ పాత చెరువులోనే వల వేస్తుంది. "ఇన్‌స్టాల్ చేశా కదా, మాడ్యూల్ లేదంటుందేంటి?" అనేది అందుకే.

మందు సింపుల్. కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ చేయండి. దాన్ని ప్రాజెక్టు పేరుతో రిజిస్టర్ చేయండి. నోట్‌బుక్ మెనూలో ఆ కెర్నల్‌నే ఎంచుకోండి. లైబ్రరీల వెర్షన్లు ఒక ఫైల్లో రాసి నోట్‌బుక్‌తో పాటే ఇవ్వండి.

గూడెంలో నిట్ మొదలైంది 2015లో. అక్కడి మొదటి బ్యాచ్ అడుగుపెట్టేసరికే వెన్వ్, జూపిటర్ రెడీ. ఆగిపోయింది అలవాటు దగ్గరే. సబ్మిట్ చేసేముందు ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో పైనుంచి కిందదాకా ఒక్కసారి రన్ చేయండి. అక్కడ నడిస్తే సార్ సిస్టమ్‌లో నడిచే అవకాశం బోలెడు పెరుగుతుంది.

మీకు తగిలిన ఎర్రర్ ఏంటో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!