బీవర్ తోళ్ళు, రాజుగారి ఆడపిల్లలు, ఒక జనాభా లెక్క

మొన్న మా సమావేశం అయ్యాక టీ తాగుతుండగా ఒక మిత్రుడు, "ఫ్రాన్సు రాజు కెనడాకి ఓడల కొద్దీ వేశ్యల్ని పంపించాడండీ, ఇవాళ్టి క్విబెక్ వాళ్ళంతా వాళ్ళ సంతానమే" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలలూపారు. దేవుణ్ణి నమ్మం, జాతకాలు నమ్మం, కానీ ఇలాంటి కబురు వస్తే మాత్రం ఆధారం అడగం. నేనూ ఒకప్పుడు ఆ మాట నమ్మినవాణ్ణే. డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసిన పాత అలవాటుతో ఆ వలస రాజ్యం పద్దులు కాస్త తిరగేశాను.

1608లో శామ్యూల్ షాంప్లేన్ క్విబెక్‌లో కోట కట్టాడు. ఆ చలికాలం అక్కడ ఉండిపోయినవాళ్ళు 28 మంది. వసంతం నాటికి 8 మంది మిగిలారు. మిగతావాళ్ళని స్కర్వీ, విరేచనాలు తీసుకుపోయాయి. 1627 నాటికి కూడా ఫ్రెంచివాళ్ళు అక్కడ సుమారు వంద మందే. దీనికి చలిని తిట్టి ప్రయోజనం లేదు, కారణం వ్యాపారంలోనే ఉంది. యూరప్‌లో టోపీలకి బీవర్ బొచ్చు కావాలి. ఆ జంతువుని వేటాడేది, తోలు ఒలిచేది, పడవల్లో తెచ్చి ఇచ్చేది స్థానిక తెగలవాళ్ళే. కంపెనీకి ఒక గోదాము, కొందరు గుమస్తాలు, దుబాసీలు ఉంటే చాలు. వ్యవసాయం చేసే వలసలో మనిషి ఆస్తి. తోళ్ళ వ్యాపారంలో మనిషి ఖర్చు. వాడికి ఓడ కిరాయి, పొలం చదును అయ్యేదాకా తిండి. చివరికి వాడూ దొంగచాటుగా తోళ్ళ బేరం పెడతాడు! డబ్బు పెట్టినవాడు అలాంటివాణ్ణి ఎందుకు తెస్తాడు?

1627లో మంత్రి కార్డినల్ రిషెల్యూ నూరుగురు వాటాదారుల కంపెనీకి తోళ్ళ గుత్తాధిపత్యం ఇచ్చి, 15 ఏళ్ళలో 4,000 మందిని దింపాలని షరతు పెట్టాడు. రెండో షరతు, వాళ్ళంతా కాథలిక్కులే అయి ఉండాలి. మరుసటి ఏడే కంపెనీ ఓడల్ని ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు, అది దురదృష్టం. కానీ రెండో షరతు స్వయంకృతం. ఫ్రాన్సులో దేశం వదలడానికి కారణం ఉన్నవాళ్ళు, డబ్బూ పనితనమూ ఉన్నవాళ్ళు ప్రొటెస్టంట్లే. 1685లో వాళ్ళకున్న మతస్వేచ్ఛ రద్దయ్యాక సుమారు 2 లక్షల మంది హాలండు, ఇంగ్లండు, ప్రష్యాల దారి పట్టారు. కెనడా తలుపు మాత్రం వాళ్ళకి మూసే ఉంది.

1663లో పద్నాలుగో లూయీ కంపెనీని తప్పించి పాలన తన చేతిలోకి తీసుకునేటప్పటికి జనం సుమారు 3,000. 1666లో ఇంటెండెంట్ జాన్ టలోన్ పేరు పేరునా లెక్క తీయించాడు. మొత్తం 3,215. మగవాళ్ళు 2,034, ఆడవాళ్ళు 1,181. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే రాజు ఓడల్లో ఆడపిల్లల్ని ఎందుకు పంపాడో వేరే చెప్పక్కర్లేదు. 1663 నుంచి 1673 దాకా సుమారు 770 మంది వచ్చారు. అందులో మూడోవంతు మంది పారిస్‌లోని అనాథలకూ పేదలకూ ఆశ్రయమిచ్చే సంస్థ నుంచి వచ్చినవాళ్ళు.

మరి వేశ్యలన్న మాట ఎక్కడిది? దానికి బాగా ప్రచారం ఇచ్చింది లహోంతాన్ అనే సైనికాధికారి 1703లో అచ్చువేసిన యాత్రా పుస్తకం. ఆయన కెనడాలో కాలు పెట్టింది 1683లో. చివరి ఓడ వచ్చింది 1673లో! పదేళ్ళ తరవాత వచ్చినవాడు ఓడ దిగిన ఆడవాళ్ళ శీలానికి సాక్షి. ఆడిట్‌లో ఇలాంటి వోచరు పాస్ కాదు.

1966 నుంచి మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చర్చి రిజిస్టర్లలోని పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమాధులు ఒక్కొక్కటీ ఎక్కించి కుటుంబాలుగా కూర్చారు. (పూజారుల దస్తావేజులకి హేతువాదిగా నేను దణ్ణం పెట్టిన సందర్భం ఇదొక్కటే.) వాటితో ఈవ్ లాంద్రీ అనే పరిశోధకుడు ఈ స్త్రీల జీవితాల్ని పరిశీలించి, పుకారుకి ఆధారం లేదని తేల్చాడు. సుఖవ్యాధులతో వచ్చినవాళ్ళయితే ఇంతమంది పిల్లలు పుట్టి ఉండేవాళ్ళు కాదు.

భక్తి వల్లే పెద్ద కుటుంబాలు అనేదీ నిలబడదు. అదే మతమున్న ఫ్రాన్సులో ఆడపిల్లకి ఇరవయ్యయిదు దాకా పెళ్ళయ్యేది కాదు. ఇక్కడ భూమి దొరికేది, వధువులు తక్కువ, కాబట్టి పెళ్ళి ముందే అయ్యేది. 1669లో రాజు పదిమంది బిడ్డలు బతికున్న తండ్రికి ఏడాదికి 300 లివ్రులు, పన్నెండు మంది ఉంటే 400 ప్రకటించాడు. సన్యాసం తీసుకున్న బిడ్డలు ఆ లెక్కలోకి రారట, ఆ ఒక్క నిబంధన నాకు నచ్చింది. స్థిరపడ్డ వలసదారులు పదివేల లోపే అయినా 1760 నాటికి జనం సుమారు 70,000 అయ్యారు. అప్పటికి పక్కనున్న ఇంగ్లీషు వలసల్లో 15 లక్షలు దాటారు. 1763లో కెనడా పోయింది. అదే ఒప్పందంలో మన యానాం, పుదుచ్చేరి ఫ్రాన్సుకి తిరిగి దక్కాయి.

టలోన్ లెక్కలో స్థానిక తెగలు లేరు. తోళ్ళు తెచ్చిన హ్యూరన్లలో దాదాపు సగం మంది 1634-40 మధ్య మశూచి వంటి కొత్త జబ్బులతో పోయారు. జెస్యూట్ పూజారులు చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి బాప్తిస్మం ఇచ్చేవారు. నీళ్ళు చల్లినవాళ్ళు చచ్చిపోతున్నారని, ఆ నీళ్ళే చంపుతున్నాయని హ్యూరన్లు అనుకున్నారు. తర్కం తప్పే. కానీ జబ్బు ఈ కొత్తవాళ్ళతో వచ్చిందన్న అనుమానం తప్పు కాదు. దేవుడి చిత్తం అన్న పూజారుల కంటే వాళ్ళే నిజానికి దగ్గరగా ఉన్నారు.

మా మిత్రుడికి 1673, 1683 అని చీటీ మీద రాసిచ్చాను. చాలాసేపు చూసి, "మరి నేను చదివిన పుస్తకంలో ఆ తేదీలు లేవండీ" అన్నాడు.