ఆయిల్ ఫిల్టర్ (కారు)

కారు ఇంజనులో ప్రవహించే నూనె నుండి లోహపు రజను, మసి, ధూళి వంటి మలినాలను వడగట్టే సాధనమే ఆయిల్ ఫిల్టర్. ఇంజను మరమ్మతు ఖర్చుతో పోల్చినపుడు దీని వెల అత్యల్పము. పైకి అన్ని ఫిల్టర్లూ ఒకే విధంగా కనిపించినా లోపలి నాణ్యతలో భేదాలుంటాయి. అందువలన బ్రాండు పేరు, ధర మాత్రమే చూసి విలువ కట్టుట సరి కాదు.

చరిత్ర

1923లో అమెరికాకు చెందిన ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ రూపొందించిన ఫిల్టరుకు ప్యూరొలేటర్ అనే పేరు వచ్చినది. 1924లో క్రైస్లర్ కారులో ఫిల్టరును అమర్చారు. ఆనాటి ఫిల్టర్లు నూనెలో కొంత భాగాన్ని మాత్రమే వడగట్టేవి. నూనె మొత్తాన్ని వడగట్టే పద్ధతి తరువాత వచ్చినది. మరచుట్టుతో బిగించే డబ్బా రకాన్ని 1954లో విక్స్ సంస్థ ప్రవేశపెట్టినది.

ముఖ్య భాగాలు

వడపోత పొర: చవక రకాలలో కాగితపు పీచుతోను, ఖరీదైన వాటిలో కృత్రిమ పీచుతోను చేస్తారు.

వెనుకకు జారనీయని కవాటం: ఇంజను ఆగినపుడు ఫిల్టరులోని నూనెను నిలిపి ఉంచుతుంది. ఇది సిలికాన్‌తో చేసినదైతే, సాధారణ రబ్బరు కంటే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.

బైపాస్ కవాటం: పొర పూడుకొనిపోయినపుడు తెరుచుకొని, వడగట్టని నూనెనే ఇంజనుకు పంపుతుంది. నూనె అసలు అందకపోవుట కంటే ఇది మేలు.

సామర్థ్యం

వడపోత సామర్థ్యాన్ని ఐ.ఎస్.ఓ. 4548-12 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. ఫలితాన్ని శాతంతో పాటు రేణువు పరిమాణంతో కలిపి చదవాలి. 20 మైక్రాన్ల రేణువులను 99 శాతం పట్టే ఫిల్టరు, 30 మైక్రాన్ల రేణువులను 99 శాతం పట్టేదాని కంటే మెరుగైనది. మైక్రాన్లు తెలుపని శాతానికి అర్థం లేదు.

బ్రాండులు

ప్యూరొలేటర్, విక్స్, ఫ్రామ్ అమెరికాలో పుట్టినవి. మాన్, మాలే, బాష్ జర్మనీకి చెందినవి. భారతదేశంలో ఎలోఫిక్ కూడా ఫిల్టర్లు తయారు చేస్తుంది. పెట్టె మీది పేరు, తయారీదారు ఎల్లప్పుడూ ఒకటే కానవసరం లేదు. కార్ల కంపెనీలు తమ పేరిట అమ్మే ఫిల్టర్లను తరచుగా ఫిల్టరు సంస్థలే తయారు చేస్తాయి. యాజమాన్యం కూడా మారుతుంటుంది: విక్స్ 2016లో జర్మనీకి చెందిన మాన్ ప్లస్ హుమ్మెల్ సంస్థ వశమైనది.

విలువ లెక్క

ధరను ప్రయాణ దూరంతో భాగించి చూడాలి. 5,000 కిలోమీటర్లు పనిచేసే 150 రూపాయల ఫిల్టరుకు, 10,000 కిలోమీటర్లు పనిచేసే 300 రూపాయల ఫిల్టరుకు ఖర్చు ఒకటే, కిలోమీటరుకు 3 పైసలు. అయితే కారు తయారీదారు సూచించిన గడువును మించి ఏ ఫిల్టరునూ వాడరాదు. గడువు దాటిన ఖరీదైన ఫిల్టరు కంటే సకాలంలో మార్చిన సామాన్య ఫిల్టరే ఇంజనుకు మేలు.

మరచుట్టు సరిపోయినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్లు కాదు. బైపాస్ కవాటం తెరుచుకునే ఒత్తిడి ఇంజనును బట్టి మారుతుంది. కనుక కారు మోడలుకు నిర్దేశించిన సంఖ్య గల ఫిల్టరునే ఎంచుకోవాలి. నకిలీల బెడద ఉన్నందున అధీకృత విక్రేత వద్ద రసీదుతో కొనుట క్షేమము.

అమర్చునపుడు జాగ్రత్తలు

పాత రబ్బరు వలయం ఇంజనుకు అంటుకొని ఉన్నదేమో చూడాలి. రెండు వలయాలు ఒకదానిపై ఒకటి పడితే నూనె కారిపోతుంది. కొత్త వలయానికి కొద్దిగా నూనె రాసి, ఫిల్టరును చేతితోనే బిగించాలి. తరువాత ఇంజనును కొద్దిసేపు నడిపి, నూనె కారుట లేదని నిర్ధారించుకోవాలి.