దీపదాన శాసనములు - ఒడంబడికలో రెండవ పక్షము

ఆంధ్రదేశ చరిత్రకు శాసనములు ప్రధానాధారములని వేరుగ చెప్పనక్కరలేదు. కాని వానిని మనము చాలకాలము రాజవంశావళులకొఱకును, విజయయాత్రల కొఱకును, ప్రాచీనభాషా స్వరూపము కొఱకును చదువుచు వచ్చితిమి. వానిలో పెక్కు ఒప్పంద పత్రములు కూడ అను దృష్టితో తీరాంధ్రమునందలి క్రీ.శ. 11, 12, 13 శతాబ్దుల అఖండదీప శాసనములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ద్రాక్షారామ భీమేశ్వరాలయము, బాపట్ల భావనారాయణాలయము మున్నగు తావుల నున్న ఈ శాసనములు ఇంచుమించు ఒకే పద్ధతిని నడచును. మొదట శకవర్షము, సంక్రాంతియో గ్రహణమో అగు పుణ్యకాలము. పిదప దాత పేరు, దేవర పేరు. ఆపైని దీప మొకటికి 50 గొఱ్ఱెలనో 25 ఆవులనో ఇచ్చిన విషయము. ఇంతటితో శాసనము ముగియదు. ఆ మందను చేకొనిన బోయ పేరును, అతడును అతని సంతతివారును ఆచంద్రార్కముగ ప్రతిదినము మానెడు నేయి పోయవలెనను నియమమును చెప్పబడును. దానిని చెఱచినవారికి కలుగు పాపము తుదిని పేర్కొనబడును.

ఇందు రెండు వ్యవహారములు కలవు. దాతకును దేవరకును నడుమ జరిగినది దానము. దేవాలయమునకును బోయకును నడుమ జరిగినది ఒడంబడిక. ఆలయమునకు కావలసినది మంద కాదు, నేయి. కావున పశువులు మూలధనముగ ఒకని చేత ఉంచబడి, వానిపై వచ్చు ఫలములో నియతమైన భాగము నిత్యము రాబట్టబడినది. మూలధనము, స్వీకర్త, చెల్లింపు, కాలము అను నాలుగంగములును ఇచట స్పష్టముగ నున్నవి.

50 గొఱ్ఱెలకు 25 ఆవులు సమానమనుటచే ఒక ఆవు రెండు గొఱ్ఱెల పెట్టు అని ఏర్పడుచున్నది. మొదటి రాజరాజచోళుని (985-1014) తంజావూరు శాసనములలో దీపమునకు 96 గొఱ్ఱెలు, లేక 48 ఆవులు, లేక 16 గేదెలు. అచటను ఆవునకును గొఱ్ఱెకును గల నిష్పత్తి ఇదియే. అయినను 96కును 50కిని గల భేదమును బట్టి ఆంధ్రదేశపు గొఱ్ఱెలు ఎక్కువ పాలిచ్చెడివని నిర్ణయించుట సాహసము. నేతిని కొలుచు మానములు రెండుచోట్ల ఒకటి కావు. ఇక గొఱ్ఱె ఈనిన పిదప కొన్ని నెలలు మాత్రమే పాలిచ్చును గనుక, ఏడాది పొడుగున దీపము వెలుగుటకు ఇంత మంద అవసరమయ్యెనని మాత్రము ఊహింపవచ్చును.

మంద చచ్చినచో గతి యేమి? తమిళ శాసనములు ఇట్టి గొఱ్ఱెలను చావును ముదిమియు లేనివని వర్ణించును. అనగా తఱుగును పూరించుకొనుట కాపరి పని. ధర్మశాస్త్రములందు స్వామిపాల వివాదమను వ్యవహారపదము కలదు. మనుస్మృతి ప్రకారము కాపరి యత్నలోపమువలన పశువు నశించినచో అతడే ఇచ్చుకొనవలెను. దొంగలు బలాత్కారముగ కొనిపోగా, అతడు కేకలువేసి, తగిన తావున తగిన వేళ యజమానికి ఎఱిగించినచో దోషము లేదు. చచ్చిన పశువు చెవులు, చర్మము మున్నగు గుర్తులను చూపిన చాలును. దీపశాసనముల సామాన్య వాక్యములలో ఇట్టి మినహాయింపు కానరాదు. మంద పెరిగినను తఱిగినను మానెడు నేయి మానెడే.

ఈ భేదమే మాకు ముఖ్యముగ తోచుచున్నది. స్మృతులలోని కాపరి పరుల పశువులను కూలికి కాయువాడు. దీపశాసనములలోని బోయ పశురూపమున మూలధనమును గ్రహించి, నేతిరూపమున వడ్డి చెల్లించువానిని పోలినవాడు. నష్టము అతనిదైనచో, మానెడు నేయి పోగా మిగిలిన పాడియు, పిల్లలును, ఉన్నియు అతనివే కావలెను. కావున ఈ ఒడంబడికను వట్టి వెట్టి అని త్రోసివేయరాదు. అట్లని స్వేచ్ఛాసమ్మతమైన వ్యాపారమనియు పొగడరాదు. పుట్టని మనుమలను కూడ బంధించిన నియమమునకు వారి సమ్మతిని ఎవ్వరును అడిగియుండలేదు గదా!

బోయ శబ్దమును గూర్చి ఒక జాగ్రత్త అవసరము. 9వ శతాబ్దినాటి పండరంగని అద్దంకి శాసనమున పండ్రెండు బోయకొట్టములు జయింపబడినట్లున్నది. కొన్ని తూర్పుచాళుక్య తామ్రశాసనములలో బ్రాహ్మణ ప్రతిగ్రహీతల పేర్ల చివరను ఈ శబ్దము కలదు. కావున ఎల్లెడల దానిని ఒకే కులమునకు వాచకముగ గ్రహింపరాదు. కొట్టముల పాలకులుగ ఓడింపబడినవారి సంతతివారే దీపములకు నేయి పోసిరని చెప్పుటకు శబ్దసామ్య మొక్కటియే చాలదు. అయినను 12వ శతాబ్దినాటికి పశుపాలకులు దేవాలయార్థిక వ్యవస్థలో పేరుగల పక్షముగ నిలిచిరనుట నిస్సంశయము.

శాసనశాఖవారి వార్షిక నివేదికల సంగ్రహములలో సాధారణముగ దాత పేరును దీపసంఖ్యయు మాత్రమే మిగులును. మందను చేకొనినవాని పేరు జాఱిపోవును. ద్రాక్షారామ శాసనములను చేర్చుకొని 1923లో వెలువడిన దక్షిణహిందూదేశ శాసనముల 4వ సంపుటమును, తెలుగు శాసనములతో 1948లో వెలువడిన 10వ సంపుటమును పూర్తి పాఠముల నిచ్చుచున్నవి. పరిశోధక విద్యార్థులు సంగ్రహములతో తృప్తినొందక, ఆ పాఠముల తుది పంక్తులవఱకు చదివి, బోయల పేర్లను, వారి తండ్రుల పేర్లను, ఊళ్లను, వారు చేకొనిన మందల సంఖ్యలను పట్టికగ కూర్పవలసియున్నది. ఒకే పేరు పెక్కు దీపములకు వచ్చినచో పెద్ద మందల యజమానులు తెలియుదురు. ఒకే ఊరు పెక్కుమార్లు వచ్చినచో మేతభూముల ఉనికి తెలియును. దీపమును ఇచ్చినవారి చరిత్రను కొంత వ్రాసికొంటిమి. దానిని ఆఱిపోకుండ కాచినవారి చరిత్ర ఇంకను వ్రాయవలసియున్నది.