నెత్తుటి లెక్క

ఓరుగల్లు చరిత్ర రాసేవారు తరచు కోటగోడల దగ్గరే ఆగిపోతారు. గోడల బయట తాళ్లకూ ఈదులకూ కూడా ఒక చరిత్ర ఉంది. 1708లో ఆ నగరంమీద పడి కొల్లగొట్టిన సర్వాయి పాపన్న గీతకులంవాడు. నిజాం ఖజానాకు అబ్కారీ పెద్ద ఆదరువు. చెట్ల లెక్క, హరాజు పాటల లెక్క సర్కారు దగ్గర భద్రంగా ఉండేవి. తాగినవాని నెత్తుట్లో ఎంత చేరిందో ఎవరికీ పట్టలేదు.

ఆ లెక్కకు 1922లో స్వీడన్‌లో విడ్మార్క్ ఒక పద్ధతి చూపాడు. వేలికొన నుంచి కొద్ది చుక్కల రక్తం తీస్తారు. మూతి బిగించిన సీసాలో వేడిచేస్తే ఆల్కహాలు ఆవిరై, గంధకామ్లంలో కలిపిన డైక్రోమేటును కొంత హరిస్తుంది. మిగిలిన డైక్రోమేటును కొలిస్తే తాగినదెంతో తేలుతుంది. కాని అసిటోను, ఈథరు కూడా డైక్రోమేటును హరించగలవు. అది పెద్ద చిక్కే. తరువాత వచ్చిన గ్యాస్ క్రొమటోగ్రఫీ వాటిని విడదీసి చూపింది.

మన న్యాయస్థానాల సంగతి. వాసన, తూలుడు, మాట తడబాటు చూసి తాగినట్టు నిర్ధారించరాదని 1971లో సుప్రీంకోర్టు బచ్చూభాయి కేసులో చెప్పింది. కూలివాడు నీరసంతో తూలినా తాగాడనే లోకంలో ఇది చిన్న తీర్పు కాదు. వాహనం నడిపేవారికి 1994 చట్ట సవరణ 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల హద్దు గీసింది.

కాలేయం ఆల్కహాలును ఎసిటాల్డిహైడుగా, దానిని ఎసిటేటుగా విరుస్తుంది. ఎసిటాల్డిహైడు క్షణాల్లో మాయమవుతుంది గనుక దాన్ని పట్టుకోవడం కష్టం. ఎర్రకణాల్లో చేరే ఫాస్ఫాటిడైల్ ఎథనాల్ అలా కాదు, వారాలపాటు సాక్ష్యం చెబుతుంది.

తెలంగాణలో అసలు కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. కల్లు చాలనిచోట వ్యాపారులు క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతూ వచ్చారు. ఆల్కహాలును విరిచే ఎంజైమే క్లోరల్‌ను ట్రైక్లోరోఎథనాల్‌గా మారుస్తుంది; మత్తు దానిదే. ఆల్ప్రజోలం తాగినవాడు ఎంత ఊదినా ఊపిరి యంత్రానికి ఆ మందు తెలియదు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో తాగేవాళ్లు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు వచ్చారు. వాళ్లను తాగుబోతులన్నారు. వాళ్ల రక్తంలో వెతకవలసింది ఆల్కహాలు ఒక్కటే కాదు. ప్రయోగశాల, కాగితంమీద ఏ పేరు రాసి పంపితే దానికే జవాబిస్తుంది. ఆ కాగితంమీద ఆల్ప్రజోలం పేరు కూడా రాయాలి; కలిపిన డిపో కుండ నుంచి ఒక సీసా కల్లు కూడా దానితో పంపాలి.